అక్షరం మారిన బురుజు

ఇంగ్లండు ఆగ్నేయ తీరంలో, ఐర్లండులో డబ్లిన్ చుట్టూ, కెనడాలో క్విబెక్, హాలిఫాక్స్ నగరాల్లో, శ్రీలంకలోని హంబన్‌తోటలో, మారిషస్ పడమటి ఒడ్డున దాదాపు ఒకే పోలికతో పొట్టి గుండ్రటి బురుజులు కనిపిస్తాయి. వీటన్నిటినీ మార్టెల్లో బురుజులు అంటారు. ఇటాలియన్‌లో మార్టెల్లో అంటే సుత్తి. సుత్తికీ వీటికీ సంబంధం ఏమీ లేదు. కోర్సికా ద్వీపపు ఉత్తర తీరంలో సముద్రంలోకి చొచ్చుకువచ్చిన ఒక కొస పేరు మోర్టెల్లా. మోర్టెల్లా అక్కడి గుట్టల మీద గుబురుగా పెరిగే ఒక సువాసన పొద. ఇంగ్లీషువాళ్ళు దాన్ని మిర్టిల్ అంటారు. ఆ కొస మీది రాతి బురుజుతో 1794లో రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు తలపడి, దెబ్బతిని వెనక్కి మళ్ళాయి. గెలవలేనివాళ్ళు ఆ పేరును వెంట తీసుకుపోయారు. దారిలో మొదట ఉన్న ఓత్వం చివరికి పోయింది, చివర ఉన్న దీర్ఘం మొదటికి వచ్చింది.

పేరు ఎంత పొరపాటుగా ఇంగ్లండు చేరిందో, ఆ పోరు నుంచి తీసుకున్న పాఠమూ అంతే పొరపాటుగా చేరిందని నా అభిప్రాయం. దానికి కారణం ఆ బురుజు అసలు చరిత్రలోనే ఉంది.

కోర్సికా 16వ శతాబ్దంలో జెనోవా గణరాజ్యం ఏలుబడిలో ఉండేది. అల్జీర్స్, ట్యూనిస్ వంటి ఉత్తరాఫ్రికా రేవుల నుంచి, పాలకుల అండ ఉన్న ఓడదొంగలు ఆ తీరం మీద పడేవారు. తెల్లవారకముందే దిగడం, ఊరు దోచుకోవడం, దొరికిన ఆడా మగా పిల్లా జెల్లా అందరినీ బానిసలుగా ఓడలకెక్కించడం వాళ్ళ పద్ధతి. తీరపు ఊళ్ళు ఖాళీ అయి జనం కొండల్లోకి జరిగిపోయారు. 1530ల నుంచి దాదాపు వందేళ్ళపాటు జెనోవా అధికారులు ద్వీపం చుట్టూ కావలి బురుజులు కట్టించారు. చాలావాటిలో కాపలాకు ఇద్దరు ముగ్గురు మనుషులే ఉండేవారు. పరాయి ఓడ కనబడితే పగలు పొగ పెట్టేవారు, రాత్రి మంట వేసేవారు. ఒక బురుజు చూసి పక్క బురుజు, దాన్ని చూసి ఆ పక్కది వార్త అందుకునేవి. శత్రువును ఎదిరించి నిలవడం వాటి పని కాదు. ఊరివాళ్ళు పశువులతో, పిల్లలతో పారిపోవడానికి ఓ గంట వ్యవధి సంపాదించిపెట్టడమే వాటి పని.

మోర్టెల్లా బురుజు ఈ కోవకు పూర్తిగా చెందదు. శాన్ ఫియొరెంజో అఖాతం, అంటే ఇప్పటి సాన్ ఫ్లోరాఁ, ఉత్తర కోర్సికాలో పెద్ద నౌకాదళం లంగరు వేయగలిగిన చోటు. 1553లో ఫ్రెంచివాళ్ళు కోర్సికా మీద దిగినప్పుడు ఈ రేవు కోసం పెద్ద ముట్టడే జరిగింది. 1559 సంధితో ద్వీపం మళ్ళీ జెనోవా చేతికి వచ్చింది. ఆ తర్వాత 1563, 1564 ప్రాంతాల్లో అఖాతపు పడమటి ముఖద్వారాన ఈ బురుజు లేచింది. నమూనా గీసింది ఫ్రాతీనో అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన జొవాన్ జాకొమొ పాలెయారి. లుగానో ప్రాంతం నుంచి వచ్చిన ఈ కోట ఇంజనీరు తర్వాత స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ కొలువులో మధ్యధరా సముద్రం పొడుగునా కోటలకు రూపురేఖలు దిద్దాడు. అంటే ఈ బురుజు పొగ పెట్టి ఊరుకోవడానికి కట్టింది కాదు. రేవులోకి వచ్చే ఓడ మీద ఫిరంగి పేల్చడానికి కట్టింది. గోడలు మందం, రూపం గుండ్రం, కప్పు మీద ఫిరంగులు. కోర్సికా బురుజులన్నిటిలో బ్రిటిష్‌వాళ్ళు ఢీకొన్నది సాధారణమైనదాన్ని కాదు.

1768లో జెనోవా కోర్సికాను ఫ్రాన్సుకు ధారాదత్తం చేసింది. స్వాతంత్య్రం కోసం పోరాడిన పాస్కాలె పావొలి మరుసటి ఏడు ఓడి ఇంగ్లండు చేరాడు. నెపోలియన్ బోనపార్ట్ పుట్టింది ఆ 1769లోనే, ఆ ద్వీపంలోనే. ఫ్రెంచి విప్లవం వచ్చాక పావొలి తిరిగివచ్చాడు. 1793 నాటికి పారిస్ ప్రభుత్వంతో తెగతెంపులు చేసుకుని బ్రిటిష్ సాయం కోరాడు.

ఇక్కడ చాలామంది చరిత్రకారులు గబగబా దాటేసే ఒక ఘటన ఉంది. 1793 సెప్టెంబరులో లోవెస్టాఫ్ అనే 32 ఫిరంగుల బ్రిటిష్ నౌక ఒక్కటే ఈ మోర్టెల్లా బురుజు మీద కాల్పులు జరిపింది. బురుజులోని ఫ్రెంచివాళ్ళు కొద్దిసేపటికే దాన్ని వదిలి పారిపోయారు. బ్రిటిష్‌వాళ్ళు బురుజును పావొలి మనుషులకు అప్పగించి వెళ్ళారు. ఎక్కువ రోజులు గడవకముందే ఫ్రెంచివాళ్ళు తిరిగి ఆక్రమించుకున్నారు. అవే గోడలు, అదే కొస, అదే అఖాతం. ఐదు నెలల తేడాతో ఫలితం తలకిందులైంది. తేడా రాళ్ళలో లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ ఏడు డిసెంబరులో తూలాన్ రేవు బ్రిటిష్ చేజారింది. మధ్యధరాలో నౌకాదళానికి మరో నెలవు కావాలి. అడ్మిరల్ హుడ్ కోర్సికాను ఎంచుకున్నాడు. 1794 ఫిబ్రవరి 7న మేజర్ జనరల్ డేవిడ్ డండాస్ సైన్యం అఖాతం పక్కన దిగింది. 74 ఫిరంగుల ఫోర్టిట్యూడ్, 32 ఫిరంగుల జూనో మర్నాడు బురుజుకు ఎదురుగా లంగరు వేసి రెండున్నర గంటలు ఏకధాటిగా కాల్చాయి. గుండ్లు గుండ్రటి గోడకు తగిలి జారిపోయాయి. బురుజులో ఉన్నది 33 మంది. సముద్రం వైపు చూసేవి 18 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగులు రెండు. అయితే వాటి పక్కనే కొలిమి ఉంది. ఎర్రగా కాల్చిన ఇనుప గుండ్లు ఒక్కొక్కటే చెక్క ఓడ పక్కల్లోకి దిగబడ్డాయి. ఫోర్టిట్యూడ్‌లో నిప్పంటుకుంది, మందుగుండు పేలింది, చనిపోయినవాళ్ళు గాయపడినవాళ్ళు కలిసి అరవై మంది దాకా లెక్కతేలారు. రెండు నౌకలూ దూరంగా తప్పుకున్నాయి.

నేల మీద కథ వేరు. లెఫ్టినెంట్ కల్నల్ జాన్ మూర్ ఆధ్వర్యంలో సైనికులు, నావికులు పక్క గుట్ట మీదికి ఫిరంగులను ఈడ్చుకుపోయి సుమారు 150 గజాల దూరం నుంచి కాల్చారు. బురుజులో నేల వైపు తిరిగి ఉన్న ఫిరంగి ఒక్కటే, అదీ 6 పౌండ్లది. అయినా రెండు రోజులు పట్టింది. పిట్టగోడ లోపలివైపు గుండ్ల దెబ్బ ఆపడానికి నారతాళ్ళ ముక్కలు దట్టించి, మధ్యలో ఇసుక పోసి ఉంచారు. చివరికి బ్రిటిష్‌వాళ్ళు ఎర్రగా కాల్చి వదిలిన గుండు ఒకటి ఆ నారలో పడి అంటుకుంది. పొగకు తాళలేక లోపలివాళ్ళు లొంగిపోయారు. నౌకలను తరిమింది కాల్చిన గుండు, బురుజును పడగొట్టిందీ కాల్చిన గుండే. మధ్యలో గోడ మందానికి దక్కిన కీర్తి అంతా వీటి వాటాలోంచి పోయిందే.

ఆ నెలలోనే శాన్ ఫియొరెంజో, మేలో బస్తియా, ఆగస్టులో కాల్వి బ్రిటిష్‌వాళ్ళకు చిక్కాయి. కాల్వి ముట్టడిలో నెల్సన్ కుడికంటి చూపు పోయింది. రెండేళ్ళు కోర్సికా బ్రిటిష్ రాజు కిరీటం కింద ఉంది. 1796లో ఖాళీ చేసి పోయేటప్పుడు మోర్టెల్లా బురుజును ఫ్రెంచివాళ్ళకు పనికిరాకుండా మందుగుండు పెట్టి పేల్చారు. అదీ సులువుగా కూలలేదు. ఒక పక్క విచ్చుకుపోయిన శిథిలం ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది. వాళ్ళు మాత్రం అప్పటికే కొలతలు, బొమ్మలు పట్టుకెళ్ళారు.

పేరు మారిన తీరు కూడా ఈ రెండేళ్ళలోనే మొదలైంది. కోర్సికన్ మాటను ఇంగ్లీషు చెవులు విన్నాయి, ఇంగ్లీషు కలాలు రాశాయి. అప్పటి నివేదికల్లో మోర్టెల్లా, మార్టెల్లా అన్న రూపాలు రెండూ తగులుతాయి. క్రమంగా మార్టెల్లో స్థిరపడింది. ఇటలీ తీరపు కావలి బురుజుల్లో శత్రువును చూడగానే సుత్తితో గంట కొట్టేవారని, అందుకే మార్టెల్లో అని ఇంకో కథ తర్వాతి కాలంలో పుట్టింది. కథ అందంగానే ఉంది. సుత్తి అనే ఇటాలియన్ మాట ముందే తెలిసిన అధికారుల నోట తప్పు రూపం తేలిగ్గా కుదురుకుని ఉంటుందని మాత్రం దాన్నిబట్టి ఒప్పుకోవచ్చు. పుట్టుక మాత్రం ఆ కొసదే. 1794కు ముందు ఇంగ్లండులో ఈ పేరుకు ప్రచారం లేదు, ఆ తర్వాత దాన్ని ప్రచారం చేసినవాళ్ళు ఆ యుద్ధం చూసినవాళ్ళే.

వాళ్ళెవరో చూస్తే పేరూ పాఠమూ కలిసి ఎలా ప్రయాణం చేశాయో అర్థమవుతుంది. 1803లో నెపోలియన్ బులోన్ దగ్గర లక్షకు పైగా సైన్యాన్ని పోగుచేసి, ఇంగ్లండు మీద దిగడానికి బల్లకట్టు పడవలు కట్టిస్తున్నప్పుడు కెంట్, ససెక్స్ తీరాల రక్షణ చూసే దక్షిణ మండలానికి అధిపతి అదే డేవిడ్ డండాస్. కెంట్ తీరాన షార్న్‌క్లిఫ్ శిబిరంలో దళాలకు తర్ఫీదు ఇస్తున్నది అదే జాన్ మూర్. ఇంజనీరు దళానికి చెందిన కెప్టెన్ విలియం ఫోర్డ్, దిగడానికి అనువైన ఇసుక తీరం పొడుగునా విడివిడి బురుజులు కట్టాలని ప్రతిపాదించాడు. బ్రిగేడియర్ విలియం ట్విస్ దాన్ని సమర్థించి తీరమంతా తిరిగి చోట్లు గుర్తించాడు. 1804 అక్టోబరు 21న రాచెస్టర్‌లో ప్రధాని విలియం పిట్, సేనాధిపతి యార్క్ డ్యూక్ సహా పెద్దలు సమావేశమై పథకానికి ఆమోదం తెలిపారు. డబ్బు గురించి, ఫిరంగుల గురించి వాదప్రతివాదాలు నడిచాయి. ఇటుక పని మొదలయ్యేసరికి 1805 వచ్చింది. రాచెస్టర్ సమావేశానికి సరిగ్గా ఏడాది నిండిన రోజున, 1805 అక్టోబరు 21న, ట్రఫాల్గర్ దగ్గర నెల్సన్ ఫ్రెంచి, స్పానిష్ నౌకాదళాలను నాశనం చేశాడు. అప్పటికి బురుజులు చాలావరకు పునాదుల దగ్గరే ఉన్నాయి. నెపోలియన్ సైన్యం అంతకుముందే బులోన్ వదిలి ఆస్ట్రియా మీదికి కదిలిపోయింది. అయినా పని ఆగలేదు. కెంట్, ససెక్స్ తీరాల్లో 74, ఆ తర్వాత 1812 దాకా ఎసెక్స్, సఫోక్ తీరాల్లో 29, మొత్తం 103 బురుజులు లేచాయి. దక్షిణపువాటికి అంకెలు, తూర్పువాటికి అక్షరాలు పెట్టారు.

కట్టడం విషయంలో ఫోర్డ్, ట్విస్ మంచి పనివాళ్ళు. మోర్టెల్లాను అచ్చుగుద్దలేదు, నమూనాను సొంత బుద్ధితో మార్చారు. దక్షిణ తీరపు బురుజు ఎత్తు సుమారు 33 అడుగులు, పైకి పోనుపోను సన్నగిలుతుంది. లోపలి గది గుండ్రం, బయటి గోడ కోలగా ఉంటుంది. గదిని నేల వైపుకు జరపడం వల్ల సముద్రం వైపు గోడ 13 అడుగుల మందం వచ్చింది, వెనక వైపు 6 అడుగులతో సరిపెట్టారు. తలుపు నేల మీద కాదు, పై అంతస్తు మట్టంలో. నిచ్చెన వేసుకుని ఎక్కి, లాగేసుకోవచ్చు. కింద మందుగుండు కొట్టు, మధ్యలో ఒక అధికారి, 24 మంది సైనికులు ఉండే గది, కప్పు మీద 24 పౌండ్ల గుండు పేల్చే ఒక్క ఫిరంగి. మధ్య స్తంభం కప్పు బరువును మోస్తుంది. మోర్టెల్లా ఫిరంగులు నేల వైపు తిరగలేకపోయాయి కదా, అందుకని ఇక్కడ ఫిరంగిని ఇరుసు మీద చుట్టూ తిరిగే చట్రం మీద పెట్టారు. ఆ ఓటమి నుంచి సరిగ్గా నేర్చుకున్న సంగతి ఏదైనా ఉందంటే ఇదొక్కటే.

రాయి మాటకొస్తే ఇంగ్లండు బురుజులు చాలావరకు రాతివి కావు. ఒక్కోదానికి సుమారు 5 లక్షల ఇటుకలు పట్టాయి. వేడివేడిగా కలిపిన సున్నపు గారలో పశువుల కొవ్వు వాడారనీ, అది ఆరాక ఇనుములా బిగిసిందనీ చెబుతారు. పైన గచ్చు పూత. కోర్సికా రాతి రూపానికి దగ్గరగా ఉన్నవి ఐర్లండు బురుజులు. 1796లో బాంట్రీ అఖాతంలోకి, 1798లో కిలాలాకు ఫ్రెంచి దండు వచ్చిపోయిన దేశం అది. భయం ఊహ కాదు, అనుభవం. అక్కడ 1804లోనే, ఇంగ్లండు కంటే ముందే, పని మొదలుపెట్టి డబ్లిన్ చుట్టూ ఒక్క ఏడాదిలో వరస పూర్తిచేశారు. చెక్కిన గ్రానైటు రాయి. రెండు శతాబ్దాల ఉప్పుగాలికి ఇంగ్లండు ఇటుక పెచ్చులూడింది, సముద్రం కోసుకుపోయి కొన్ని కూలాయి, సగం కూడా మిగల్లేదు. ఐర్లండు గ్రానైటు చాలాచోట్ల నిన్న చెక్కినట్టుంది.

ఫ్రెంచివాళ్ళు రాలేదు. రానందువల్ల ఈ బురుజులు వాళ్ళను ఆపి ఉండేవో లేదో తేలలేదు. విలియం కాబెట్ 1823లో గుర్రం మీద కెంట్ తీరంలో తిరుగుతూ వీటిని చూసి, ప్రజాధనంతో పోసిన ఇటుకల కుప్పలని ఎద్దేవా చేశాడు. ఆయనకు పిట్ మీద పాత కక్ష ఉంది, కాబట్టి ఆ మాట కొంత తగ్గించి తీసుకోవాలి. మొత్తంగా కొట్టిపారేయలేం. యుద్ధం అయిపోయాక బురుజుల్లో కాపురం పెట్టింది దొంగరవాణా పట్టుకునే నౌకాదళపు కాపలావాళ్ళు. ఫ్రాన్సు నుంచి రావాల్సిన శత్రువు కోసం కట్టిన బురుజుల్లోంచి వాళ్ళు ఫ్రాన్సు నుంచి వచ్చే సారా పీపాల కోసం చూసేవారు.

యుద్ధశాఖ కొన్నిటిని అద్దెకు కూడా ఇచ్చింది. డబ్లిన్ దగ్గర శాండీకోవ్ బురుజును 1904లో ఆలివర్ సెయింట్ జాన్ గోగార్టీ అనే వైద్య విద్యార్థి అద్దెకు తీసుకున్నాడు. సెప్టెంబరులో 22 ఏళ్ళ జేమ్స్ జాయిస్ అక్కడ వారం కూడా పూర్తిగా ఉండలేదు. ఇంకో అతిథి పీడకలలో అరిచి తుపాకీ పేల్చాడు, గోగార్టీ తుపాకీ అందుకుని జాయిస్ తలపైన ఉన్న గిన్నెల మీదికి కాల్చాడు, జాయిస్ ఆ రాత్రే బట్టలేసుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఆ బురుజుతోనే అతను 'యులిసిస్' నవల మొదలుపెట్టాడు. 1922లో ఆ పుస్తకాన్ని పారిస్‌లో అచ్చువేసిన సిల్వియా బీచ్ 1962 జూన్ 16న వచ్చి ఆ బురుజును జాయిస్ మ్యూజియంగా ప్రారంభించింది. సైనిక చరిత్ర చదవని లక్షలమందికి మార్టెల్లో అనే మాట ఈ నవల వల్లనే తెలిసింది. గ్రానైటు చేయలేని పని కొన్ని రాత్రుల కలత నిద్ర చేసింది.

ఈ లోపల పేరు సామ్రాజ్యమంతా పాకింది. హాలిఫాక్స్‌లో 1790ల్లోనే ఒకటి లేచింది. క్విబెక్‌లో 1808 తర్వాత నాలుగు, అమెరికాతో సరిహద్దు తగాదా ముదిరిన 1846లో కింగ్‌స్టన్ రేవులో మరికొన్ని. సిడ్నీ రేవు మధ్యలోని ఫోర్ట్ డెనిసన్ బురుజు 1857లో పూర్తయింది. అప్పటికే దాని కాలం చెల్లింది. 1860లో ఈస్ట్‌బోర్న్ దగ్గర ఒక పాత మార్టెల్లోనే గురిగా నిలబెట్టి, గొట్టంలో మెలికల గాళ్ళు చెక్కిన కొత్త ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులతో కాల్చి చూశారు. గోడ తొర్రలు పడి కూలింది. గుండ్రటి గోడకు తగిలి జారిపోయే గుండ్ల కాలం అక్కడితో ముగిసింది.

మారిషస్ బురుజుల కథ వీటన్నిటికంటే భిన్నమైనది, తెలుగువాళ్ళకు కాస్త దగ్గరిది కూడా. 1810లో బ్రిటిష్‌వాళ్ళు ఫ్రెంచివాళ్ళ నుంచి ఆ ద్వీపాన్ని గెలుచుకున్నారు. చెరకు తోటల యజమానులు మాత్రం ఫ్రెంచి మాట్లాడే పాత కుటుంబాలే. బానిసత్వాన్ని రద్దు చేయాలని లండన్ పూనుకున్నప్పుడు వాళ్ళు ఎదురుతిరిగారు. 1832లో బానిసత్వ వ్యతిరేకి జాన్ జెరెమీ అక్కడ న్యాయాధికారిగా దిగితే, దుకాణాలు, కచేరీలు మూయించి, కొన్ని వారాల్లోనే అతన్ని తిరుగు ఓడ ఎక్కించారు. యజమానులు తిరగబడి ఫ్రెంచి నౌకలను పిలుస్తారేమోనన్న అనుమానంతో బ్రిటిష్ అధికారులు 1830ల తొలి సగంలో ద్వీపం పడమటి ఒడ్డున ఐదు మార్టెల్లో బురుజులు కట్టించారు. బులోన్ ఎదురుగా కట్టినవి బయటి శత్రువు కోసమైతే, ఇవి సగం ఇంటివాళ్ళ మీద కావలి. వాటిలో ఒకటి లా ప్రెనూజ్ అనే చోట ఇప్పుడు మ్యూజియంగా ఉంది. ఆ ఊరి పేరు బ్రిటిష్‌వాళ్ళతో తలపడిన ఒక ఫ్రెంచి యుద్ధనౌకది. కోర్సికా కొస పేరు తప్పుగా మోస్తున్న బ్రిటిష్ బురుజు, ఫ్రెంచి ఓడ పేరు మోస్తున్న ఊళ్ళో ఉందన్నమాట.

తిరుగుబాటు జరగలేదు. 1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం చట్టరీత్యా రద్దయింది. యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం ముట్టింది. తోటల్లో చాకిరీకి వాళ్ళు భారతదేశం వైపు చూశారు. రద్దుకు కొన్ని నెలల ముందే, 1834 నవంబరులో, అట్లాస్ అనే ఓడ తొలి ఒప్పంద కూలీలను పోర్ట్ లూయీలో దించింది. తర్వాతి ఏళ్ళలో కలకత్తా, మద్రాసు రేవులతోపాటు గోదావరి ముఖాన ఉన్న కోరంగి నుంచి కూడా జనం వెళ్ళారు. ఓడ ఎక్కిన రేవును బట్టి ద్వీపంలో ఆ తెలుగువాళ్ళకు కోరింగీలన్న పేరు పడింది. శ్రీకాకుళం నుంచి వచ్చినవాడైనా, విశాఖ నుంచి వచ్చినవాడైనా తోట లెక్కల్లో కోరింగీయే.